డబ్బాలో అడవి

మమ్మల్ని చూడటానికి జనం రాకపోతే, మేం ఎలా బతుకుతున్నామో మాకు తెలిసేదే కాదు!

నవ్వకండి. నాకు అరవై రెండేళ్లు. ఒహాయో రాష్ట్రంలో ఈ హోమ్స్ కౌంటీలోనే పుట్టాను. ఇక్కడే బాప్తిస్మం తీసుకున్నాను. ఇక్కడే, గుర్రాలకి కళ్లేలూ పట్టీలూ కుట్టే మాలన్ రేబర్‌ని కట్టుకుని తొమ్మిదిమందిని కన్నాను. ఇన్నేళ్లలో నేను ప్రశాంతంగా ఉన్నానని నాకెవరూ చెప్పలేదు. చివరికి ఓ మంగళవారం బస్సు దిగిన పెద్దమనిషి చెప్పాడు. మీ ముఖంలో ఎంత ప్రశాంతత ఉందో మీకు తెలుసా అని అడిగాడు. ఆ సమయానికి మా హాల్లో నలభైమంది ఖాళీ పళ్లేల ముందు కూర్చుని ఉన్నారు. పొయ్యి మీద నూడుల్స్ అడుగంటుతున్నాయి. మా మూడో అమ్మాయి గ్రేవీలో ఉప్పు వేసిందో లేదో గుర్తులేక మళ్లీ వేసింది. సరే, దీన్నే ప్రశాంతత అంటారు కాబోలు అనుకున్నాను.

మేం ఆమిష్‌వాళ్లం, అంటే ఇంట్లో కరెంటూ వాకిట్లో కారూ వద్దనుకుని పాత పద్ధతిలో బతికే క్రైస్తవులం. మా లెక్కలో మేం కానివాళ్లందరూ ఇంగ్లీషువాళ్లే. బీజింగ్ నుంచి వచ్చినా ఇంగ్లీషువాడే, బెజవాడ నుంచి వచ్చినా ఇంగ్లీషువాడే. ఈ ఇంగ్లీషువాళ్లు మాకు చేసే మేలు ఇంతా అంతా కాదు. మెల్లగా బతకడం ఎలాగో నేర్చుకుందామని ఎనిమిది వందల మైళ్లు కారు నడుపుకుంటూ వస్తారు. వచ్చాక మా గుర్రబ్బండి వెనక ఒక్క నిమిషం ఆగలేక హారన్ మోగిస్తారు. దాంతో మా గుర్రానికి చెవుడు రాలేదని తేలిపోతుంది. పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లే శ్రమ తప్పింది!

తీగ మీద ఆరేసిన మా బట్టల్ని ఫొటో తీసుకుంటారు. మాలన్ ఒహాయో దాటి ఎరగడు. అతని లాగులు మాత్రం జపాన్ చూశాయి. ఇంతకంటే ఏం కావాలి?

వారానికి మూడు రోజులు మా ఇంట్లో బస్సులవాళ్లకి భోజనం పెడతాను. వేయించిన కోడి, మెత్తగా మెదిపిన బంగాళాదుంపలు, వాటి మీద నూడుల్స్, ఆ నూడుల్స్ మీద గ్రేవీ, చివర్లో ఆపిల్ పై. ప్రతివాళ్లూ మూడుసార్లు వడ్డించుకుంటారు. తర్వాత బెల్టు సడలించుకుంటూ, మీరింత ఆరోగ్యంగా ఎలా ఉంటారని అడుగుతారు. పొద్దున్న నాలుగున్నరకి లేచి ఇరవై ఆవుల పాలు పితికితే మీరూ ఉంటారని చెప్పను. స్వచ్ఛమైన తిండి అని చెబుతాను. అందరూ తలలూపుతారు.

ఈ స్వచ్ఛమైన తిండి గురించే మీకు చెప్పాలి.

రెండేళ్ల కిందట అక్టోబరులో గ్వెన్ అనే ఆవిడ బోస్టన్ నుంచి వచ్చింది. వంటల పుస్తకాలు రాస్తుంది. మూడు రోజులు మా ఇంట్లో ఉండి పాతకాలపు వంట నేర్చుకుంటానని ముందే ఉత్తరం రాసింది. మంచి మనిషి, ఆ మాట మొదటే చెప్పేస్తున్నాను. వచ్చీ రాగానే బూట్లు గుమ్మం బయట విడిచింది. మాకు ఆ అలవాటు లేదు. కానీ ఆవిడ విడిచేసరికి మొహమాటమేసి, ఆ మూడు రోజులూ మేం కూడా మా ఇంట్లో మేజోళ్లతోనే తిరిగాం.

ఆ రోజు నేను చేయబోయింది మేం నెలకి నాలుగుసార్లు తినేదే. ట్రేలో కీమా పరిచి, దాని మీద పుట్టగొడుగుల సూప్ రెండు డబ్బాలు ఒంపి, పైన పెట్టెలో వచ్చే పసుపుపచ్చ చీజ్ ముక్కలు పేర్చి, ఆ పైన వేపుడు బంగాళాదుంప ముక్కల ప్యాకెట్ బోర్లించి ఓవెన్‌లో పెట్టడం. ఆ ప్యాకెట్ మా ఇంగ్లీషు పొరుగువాళ్ల గరాజులో మేం అద్దెకి తీసుకున్న ఫ్రీజర్‌లో ఉంటుంది. పెద్ద సంసారం, బోలెడు పని. ఇరవై నిమిషాల్లో ట్రే ఓవెన్‌లోకి వెళ్లాలి.

ఏం చేయబోతున్నారని గ్వెన్ అడిగింది. వెనక్కి తిరిగి ఆవిడ ముఖం చూశాను. ప్రార్థన రోజున కూడా మావాళ్ల ముఖాల్లో అంత భక్తి నేను చూడలేదు. ఆ ముఖం ఎదుట డబ్బా మూత కోయడం నా వల్ల కాలేదు. ట్రే తీసుకుని నేలమాళిగలోకి దిగాను. డబ్బాలు అక్కడే కోశాను, ఒంపాను, ఖాళీ డబ్బాలు బీట్‌రూట్ ఊరగాయ జాడీల వెనక దాచాను. పైకొచ్చాను.

మధ్యాహ్నం గ్వెన్ మొదటి ముద్ద తిని కళ్లు మూసుకుంది. ఈ రుచి దేనిదని అడిగింది.

"పుట్టగొడుగులు," అన్నాను.

అబద్ధం కాదు. డబ్బా మీద వాటి బొమ్మ కూడా ఉంటుంది. గ్వెన్ కిటికీలోంచి మా పొలం చివరి అడవివైపు చూసింది. చాలాసేపు చూసింది. ఆ చూపుకి నేను అడ్డం వెళ్లలేదు. నేను చేసిన తప్పల్లా అంతే.

మా అత్తగారు మాటీ ఊరుకోలేదు. అప్పటికి ఆవిడకి ఎనభై ఆరు. మా ఇంటికి ఆనుకుని ఉన్న చిన్నింట్లో ఉండేది, భోజనానికి మాత్రం మా దగ్గరికే వచ్చేది. ఆవిడకి మాటలంటే ఇష్టం, ప్యాకెట్ పుడ్డింగ్ అంటే ప్రాణం. ఆ మధ్యాహ్నం గిన్నెలు తుడుస్తూ, ఆ అమ్మాయికి డబ్బా చూపించొచ్చుగా అంది. పాపం నిరుత్సాహపడుతుంది అత్తా అన్నాను.

"నలభై ఏళ్లు ఫోర్కుతో గుడ్డుసొన గిలక్కొట్టాను," అంది మాటీ. "ఇప్పటికీ ఈ భుజం పైకి లేవదు. పుడ్డింగ్‌ని ప్యాకెట్లో పెట్టినవాడెవడో తెలిస్తే రోజూ వాడి కోసం ప్రార్థన చేద్దును. ఇందులో దాచుకోవాల్సిందేముందే, వెర్నా?"

నేను గిన్నెలు అరల్లో సర్దాను. గ్వెన్ ముఖం నాకు నచ్చింది, అంతే. జీవితంలో నా వంటని ఎవరూ కళ్లు మూసుకుని తినలేదు. మావాళ్లు తినేటప్పుడు వాళ్ల కళ్లన్నీ తర్వాతి గిన్నె మీద ఉంటాయి.

మరుసటి ఏడాది వేసవిలో గ్వెన్ పుస్తకం వచ్చింది. ఒక కాపీ మాకు పంపింది. మా ఇంటి ఆడవాళ్లు తెల్లవారుజామున మంచులో అడవిలోకి వెళ్లి, తల్లి కూతురికి మాత్రమే చూపించే ఒక చోట పుట్టగొడుగులు ఏరుకొస్తారట. ఆ చోటు ఎక్కడో మగవాళ్లకి కూడా తెలియదట. మాలన్ ఆ పేజీ రెండుసార్లు చదివి వర్క్‌షాపుకి వెళ్లిపోయాడు. మాటీ గురించి ఒక అధ్యాయమంతా ఉంది. నిశ్చలమైన చెరువులాంటి మనిషి, ఎనభై ఆరేళ్ల జ్ఞానాన్ని మౌనంలో దాచుకుంది అని రాసింది. ఆ మూడు రోజులూ మాటీ నోట్లో పళ్లసెట్టు లేదు, విరిగితే బాగుచేయడానికి ఇచ్చాం. బయటివాళ్ల ముందు నోరు తెరవడానికి సిగ్గుపడింది. అదీ ఆ మౌనం! ఆ అధ్యాయం నేను పైకి చదివి వినిపిస్తే మాటీకి కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వొచ్చింది. మళ్లీ చదవమంది.

జనం పెరిగారు. వారానికి మూడు రోజులు కాస్తా ఐదయ్యాయి. అందరికీ అదే ట్రే కావాలి. నేలమాళిగ మెట్లు ఎక్కి దిగి నా మోకాళ్లు వాచాయి. భోజనమయ్యాక జనం బుట్టలు పట్టుకుని గొడ్లపాక వెనక నుంచి అడవిలోకి నడిచేవాళ్లు. మాలన్ కుట్టుపని ఆపి గుమ్మంలో నిలబడి చూసేవాడు.

"వెర్నా," అన్నాడు ఒకరోజు, "వీళ్లంతా మన అడవిలో ఏం పారేసుకున్నారు?"

నేను వినపడనట్టు బట్టలు మడతపెట్టుకున్నాను.

సెప్టెంబరులో ఒక శుక్రవారం లైల్, డోరీన్ అనే భార్యాభర్తలు పిట్స్‌బర్గ్ నుంచి వచ్చారు. ఆయన రిటైరైన పళ్ల డాక్టరు. ఆవిడ గ్వెన్ పుస్తకాన్ని గుండెలకి హత్తుకుని కారు దిగింది. బస్సు జనం వెళ్లిపోయాక వాళ్లిద్దరూ అడవిలోకి వెళ్లారు. గంట తర్వాత నా వంటింట్లోకి వచ్చి బుట్ట బల్ల మీద పెట్టారు. మీ పద్ధతిలో వండిపెట్టమని డోరీన్ అడిగింది.

బుట్టలోకి చూశాను. తెల్లగా, నున్నగా, పాలు గడ్డకట్టినట్టున్నాయి. ఒక్కోదాని కాడ మీద పల్చని గౌను, కింద చిన్న గిన్నె. నా చిన్నప్పుడు పక్క సంఘంలో ఒకాయన అవే వేయించుకుని తిన్నాడు. మొదటి రోజు బాగానే ఉన్నాడు. నాలుగో రోజు పాతిపెట్టారు.

ఇవి తినేవి కావు, చేతులు కడుక్కోండి అన్నాను. డోరీన్ నవ్వింది. నా భుజం మీద చెయ్యి వేసి, మీ చోటు మాకు దొరికిపోయిందని బాధపడకండి, ఎవరికీ చెప్పం అంది. ఆ తర్వాత ఒక మాట అంది.

"దారిలో ఒక ముక్క కొరికి చూశాను. ఎంత కమ్మగా ఉందో."

మింగారా అని అడిగాను. కొంచెం అంది. అది విషం, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి అన్నాను. మీరు తినేదే కదా అంది. మేం తినం అన్నాను. పుస్తకంలో ఉంది కదా అంది. పుస్తకం తప్పు అన్నాను. లైల్ నా వైపూ పుస్తకం వైపూ చూశాడు. పాఠకులారా, ఆ ఇద్దరిలో ఆయన నమ్మింది పుస్తకాన్ని!

ఈ గొడవంతా వింటూ చిన్నింటి గుమ్మంలో నిలబడి ఉన్న మాటీ అప్పుడు కదిలింది. కర్ర పట్టుకుని ఒక్కో మెట్టూ నేలమాళిగలోకి దిగింది. ఆ మెట్లు ఆవిడ దిగి ఆరేళ్లయింది. ఆయాసపడుతూ పైకొచ్చింది. చేతిలో ఉన్న సూప్ డబ్బా బుట్ట పక్కన పెట్టింది.

"ఇదిగో మా అడవి," అంది. "వాల్‌నట్ క్రీక్ వెళ్లే రోడ్డులో కొట్టుంది, అక్కడ దొరుకుతుంది. నువ్వు తిన్నది మటుకు చావు. పద, అమ్మాయ్."

లైల్‌కి డబ్బా అర్థమైందో, మాటీ గొంతు అర్థమైందో నాకు తెలియదు. భార్యని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి కారెక్కించాడు. బుట్ట కూడా పట్టుకెళ్లండి, డాక్టర్లకి చూపించండి అని నేను కారు వెనక పరిగెత్తాను.

రోడ్డు పక్కన ఇరుగుపొరుగు అందరికీ కలిపి ఒక ఫోను గది ఉంది. ఆ శుక్రవారం, శనివారం గంటకోసారి అక్కడికి నడిచి ఆసుపత్రికి ఫోను చేశాను. మీరు ఆవిడకి ఏమవుతారని అడిగేవాళ్లు. ఏమవుతానని చెప్పాలి? ఆదివారం సాయంత్రం లైల్ స్వయంగా మాట్లాడాడు. ఆవిడ మింగింది గోరంత. రెండు రోజులు కడుపు పట్టుకుని మెలికలు తిరిగింది కానీ కాలేయం నిలబడింది, గండం గడిచింది. నేను ఆ ఫోను గదిలోనే మోకరించి ప్రార్థన చేసుకున్నాను.

సోమవారం నేనే మా బిషప్ రోమన్ మాస్ట్ ఇంటికి వెళ్లి జరిగిందంతా చెప్పాను. ఆయన గడ్డం నిమురుకుంటూ విన్నాడు. వంటింట్లో ఆయన భార్య చేస్తున్న శబ్దం ఆగిపోయింది. ఆవిడ దగ్గరా అవే డబ్బాలు ఉంటాయని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు.

"డబ్బాలో తప్పులేదు, వెర్నా," అన్నాడు. "దాన్ని ఎందుకు దాచావు?"

మెచ్చుకుంటుంటే బాగుండింది అన్నాను. నోట్లోంచి ఆ మాట వచ్చేదాకా నాకే తెలియదు. గర్వం అన్నమాట అన్నాడు ఆయన. అవునన్నాను. మా దగ్గర పాపాల వరసలో దొంగతనం తర్వాతి మెట్టు అది. కొన్నిసార్లు ముందు మెట్టు.

తర్వాతి ఆదివారం ప్రార్థన అయ్యాక పిల్లల్ని బయటికి పంపి, నన్ను సభ్యులందరి ముందు కూర్చోబెట్టారు. ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకుని, తల వంచుకుని చెప్పాను. పుట్టగొడుగుల సూప్ గురించి అంత గంభీరమైన చోట మాట్లాడింది బహుశా నేనొక్కదాన్నే అయి ఉంటాను. ఎవరూ నవ్వలేదు. అందరూ క్షమించారు. మా దగ్గర ఒకసారి క్షమించాక ఆ సంగతి మళ్లీ ఎవరూ ఎత్తకూడదు. మా ఆడవాళ్లు మాట తప్పలేదు, ఎత్తలేదు. ఆ క్రిస్మస్‌కి మాత్రం పదకొండు ఇళ్ల నుంచి నాకు కానుకలొచ్చాయి. పదకొండింటిలోనూ సూప్ డబ్బాలే!

అప్పటినుంచి నేను దేన్నీ దాచలేదు. డబ్బాలు వంటింటి బల్ల మీదే కోశాను. వచ్చినవాళ్లందరికీ చూపించాను. చూసి, చమత్కారం బాగుందని నవ్వి, అసలు సంగతి చెప్పమని అడిగారు. గ్వెన్‌కి నాలుగు పేజీల ఉత్తరం రాశాను, అడవి జోలికి ఎవరూ వెళ్లకూడదని ముందు పేజీలోనే వేయమని బతిమాలాను. వెంటనే జవాబిచ్చింది. హెచ్చరిక తప్పక వేస్తానంది, వేసింది కూడా. దాని కింద ఇంకో వాక్యం చేర్చింది. ఈ కుటుంబం తన రహస్యాన్ని ఈనాటికీ ప్రాణంలా కాపాడుకుంటోందట.

డోరీన్ కూడా ఉత్తరం రాసింది. ప్రాణం కాపాడినందుకు దణ్ణాలు పెట్టింది. ఆ ముసలావిడ డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టిన క్షణం తన జీవితాన్నే మార్చేసిందట. నేటి లోకం అడవినంతా ఒక డబ్బాలో బిగించేసిందని ఆవిడ ఒక్క మాటలో బోధించిందట. ఈ ఉత్తరం మాటీకి చదివి వినిపించాను. "ఆ కొట్టు ఎక్కడుందో కూడా చెప్పాను కదే," అంది మాటీ.

ఆ బోధ సంగతి డోరీన్ ఎంతమందికి చెప్పిందో గానీ, ఆ చలికాలమంతా బస్సులవాళ్లు డబ్బా పట్టుకున్న ముసలావిడ ఏదని అడిగారు. మాటీ కొత్త పళ్లసెట్టు పెట్టుకుని, హాల్లో కూర్చుని, వాళ్లకి తన భుజం నొప్పి గురించీ, గుడ్డుసొన గురించీ, పుడ్డింగ్ ప్యాకెట్ గురించీ గంటలకొద్దీ చెప్పేది. వాళ్లు నోట్‌బుక్కుల్లో రాసుకునేవాళ్లు. ఏం రాసుకున్నారో దేవుడికెరుక. ఆవిడకి మాత్రం వినేవాళ్లు దొరికారు. ఇంట్లో మేం ఆ కథలు వందసార్లు విని ఉన్నాం, మధ్యలోనే లేచిపోయేవాళ్లం. ఇంగ్లీషువాళ్లు లేచిపోలేదు. ఇది వరం కాదని ఎవరనగలరు?

ఇన్ని మేళ్లు చెప్పుకున్నాను కాబట్టి ఒక్క చిన్న ఫిర్యాదు చేసుకోనివ్వండి. మమ్మల్ని అంత పరీక్షగా చూసేవాళ్లు, ఎదురుగా ఉన్నదాన్ని కూడా ఒకసారి చూస్తే బాగుండును.

ఈ ఫిబ్రవరిలో ఒక బుధవారం మధ్యాహ్నం, కిటికీ పక్కన ఊగుడు కుర్చీలో కునుకు తీస్తూ మాటీ వెళ్లిపోయింది. నేను కాఫీ తీసుకెళ్లేసరికి ఒళ్లో అల్లిక అలాగే ఉంది. సూది కింద పడలేదు.

శనివారం ఖననం. నూట ముప్పై బళ్లు వచ్చాయి. శ్మశానం దాకా వరస తప్పకుండా వెళ్లాలని ప్రతి బండి పక్కనా సుద్దముక్కతో నంబరు రాస్తారు. అన్నిటికంటే ముందు మాటీ శవపేటిక ఉన్న బండి, దానికి నంబరు ఉండదు. దాని వెనకది పెద్దకొడుకు బండి. మాలనే పెద్దకొడుకు. మాది ఒకటో నంబరు.

వెనక వరస కుదురుకునేదాకా రోడ్డు మలుపులో ఆగి ఉన్నాం. మంచు పడుతోంది. ఎదురుగా వస్తున్న ఒక వ్యాను మా పక్కన ఆగింది. ఎర్ర టోపీ పెట్టుకున్న పెద్దాయన అద్దం దించి, వరసనంతా కళ్లారా చూసి, ఇది గుర్రబ్బళ్ల పందెమా అని మర్యాదగా అడిగాడు. మాలన్ కాదన్నాడు. ఆయన మా బండి మీది నంబరు చూసి నవ్వాడు.

"ఒకటో నంబరు మీదే కదా. ముందుండేది మీరే."

మాలన్ ఎదురుగా ఉన్న బండి వైపు చూశాడు.

"లేదండీ," అన్నాడు. "మా అమ్మ ముందుంది."

పెద్దాయనకి చాలా నచ్చింది. ఆవిడ వయసెంతని అడిగాడు. ఎనభై ఎనిమిది అన్నాడు మాలన్. ఆ వయసులో కూడానా అని ఆయన తల ఊపి, పక్క సీట్లో ఉన్న భార్యకి ఆ సంగతి చెప్పాడు. ఆవిడ ముందుకి వంగి ఫోనెత్తి ఫొటో తీసుకుంది. వాళ్ల నవ్వులో వెటకారం వెంట్రుకంత కూడా లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది.

"మీ అమ్మగారికి మా తరఫున శుభాకాంక్షలు చెప్పండి," అన్నాడు పెద్దాయన.

చెబుతానన్నాడు మాలన్. వ్యాను వెళ్లిపోయింది. మా గుర్రం కదిలింది.

శ్మశానంలో కొడుకులూ మనవలూ పారలందుకుని గుంత పూడ్చారు. అందరూ వెనక్కి జరిగాక, మాలన్ టోపీ చేత్తో పట్టుకుని మట్టి దగ్గరికి వంగి ఏదో అన్నాడు. మా దగ్గర అలా మాట్లాడే ఆచారం లేదు. బిషప్ చూడనట్టు తన గుర్రం వైపు నడిచాడు. తిరిగొచ్చేటప్పుడు సగం దారిలో, ఏమన్నావని అడిగాను.

"ఆ ఎర్ర టోపీ ఆయనకి మాటిచ్చాను కదా," అన్నాడు. "చెప్పేశాను."